నా పెళ్లి జాకెట్టునే అమ్మ ఆదిగా ఇచ్చేసింది

ఈ ఉత్తరం అమెరికాలోని టెక్సస్ నుంచి వచ్చింది. రాసినామె పేరు వద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతాను.

ఆమెకు 33 ఏళ్లు. పుట్టిల్లు తెనాలి దగ్గర ఒక ఊరు. పెళ్లయి ఎనిమిదేళ్లయింది. ఐదేళ్ల పాప, తొమ్మిది నెలల బాబు. బాబుకు ఇంకా పాలిస్తున్నారు. మాఘమాసంలో తమ్ముడి పెళ్లి. పెళ్లికొడుకు అక్క కాబట్టి అన్నింట్లోనూ తనే ముందుండాలి. వాళ్లమ్మ ధర్మవరం పట్టుచీర కొని, జాకెట్టుకు మగ్గం వర్క్ చేయించమని తమ ఊరి టైలర్‌కు ఇచ్చారు. కొలతల కోసం బీరువాలో దాచి ఉంచిన కూతురి పెళ్లి జాకెట్టును ఆదిగా ఇచ్చేశారు. "నువ్వేం మారలేదులే, వీడియోలో చూస్తున్నాగా" అన్నారట. వీడియోలో అమ్మకు కనిపించేది నా ముఖమే కదండీ అని ఈమె బాధ.

ఆ పెళ్లి జాకెట్టు ఛాతీ 34. ఇప్పుడు టేపు పెట్టుకుంటే ఒకసారి 41, ఒకసారి 39న్నర, ఇంకోసారి 40 వచ్చింది. రెండేళ్ల కిందట ఆడపడుచు గృహప్రవేశానికి కూడా అమ్మ ఇలాగే పాత ఆదితో కుట్టించి పంపితే, హుక్సులు పట్టక పిన్నీసులు పెట్టుకుని, పైట నిండా కప్పుకుని వెళ్లారు. పీటల దగ్గర వంగినప్పుడు పైట జారింది. "కాలేజీ రోజుల కొలతలు ఇచ్చావా వదినా" అని ఆడపడుచు అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అప్పటి నుంచి సాగే గుడ్డతో చేసిన రెడీమేడ్ జాకెట్లే వేసుకుంటున్నారు. ఇప్పుడు జిమ్‌లో చేరారు. మాఘానికి ఎలాగూ తగ్గుతాను కాబట్టి టైలర్‌కు 37 అని చెప్పేద్దామా అనుకుంటున్నారు. కొలతలు తీయమని భర్తను అడగాలంటే సిగ్గు, ఆ అంకె ఆయన చూడటం ఇష్టం లేదు. టైలరేమో పది రోజుల్లో మగ్గం ఎక్కిస్తానన్నాడు. "అసలు కొలత ఇవ్వనా, తగ్గించి ఇవ్వనా? ఒక్కదాన్నే సరిగ్గా ఎలా తీసుకోవాలి? అమ్మకు ఏమని చెప్పాలి? రాత్రిళ్లు ఇదే టెన్షన్" అని రాశారు.

అమ్మా, మీరు మూడు ప్రశ్నలు అడిగారు. నన్ను తొందరపెడుతున్నది మాత్రం మీరు అడగనిది. ఆ పెళ్లి జాకెట్టు ఇప్పుడు టైలర్ బల్ల మీద ఉంది. కాబట్టి మిగతావన్నీ తర్వాత, ముందు ఆ పని ఆపించండి.

ఎందుకంటే మగ్గం వర్క్ జాకెట్టు మామూలు జాకెట్టులాంటిది కాదు. టైలర్ ముందుగా గుడ్డ మీద మెడ, వీపు, చేతులు గీసి ఇస్తాడు. ఆ గుడ్డను ఫ్రేముకు బిగించి, గీతల వెంబడే జర్దోసీ, పూసలు, కుందన్లు కుడతారు. కత్తిరించడం, కుట్టడం ఆ తర్వాత. అంటే మీ కొలతలు జాకెట్టు కుట్టే రోజుకు కాదు, గీత గీసే రోజుకే అందాలి. వర్క్ అయ్యాక పక్క కుట్లు విప్పి లూజు చేయొచ్చుగా అంటారు. నిజమే, పక్కల సాధారణంగా వర్క్ ఉండదు. కానీ చేతి అంచున చుట్టూ వర్క్ వస్తుంది. దాన్ని విప్పి వదులు చేస్తే చంక వైపు వర్క్ లేని ఖాళీ గుడ్డ బయటపడుతుంది. మెడ, భుజం ఇక మార్చడానికే ఉండదు. 34 ఆదితో గీసిన చెయ్యి మీ దండకు, అంటే మోచేతి పైభాగానికి, ఎక్కకపోతే, అన్ని వేల రూపాయల పనీ పెట్టెలోకి వెళ్లిపోతుంది.

ఇప్పుడు అమ్మ సంగతి. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

అమ్మకు చెప్పకుండా టైలర్‌కే ఫోన్ చేసి కొత్త కొలతలు ఇవ్వడం మొదటిది. మీరు ఉత్తరంలో దీని వైపే మొగ్గారు. మీ ఊళ్లో అది ఒక్క పూట కూడా దాగదు. అమ్మ జాకెట్టు గురించి అడగడానికి వెళ్లినప్పుడు టైలర్ "అమ్మాయి ఫోన్ చేసిందండీ, నలభై అంది" అంటాడు. కూతురు తనకు చెప్పకుండా బయటివాళ్లకు చెప్పిందన్న కష్టం ఆవిడకు మిగులుతుంది.

రెండోది, వివరాల్లోకి పోకుండా చెప్పడం. "అమ్మా, బాబు పుట్టాక కొలతలు మారాయి, పాత ఆది పనికిరాదు, కొత్తవి నాలుగు రోజుల్లో పంపిస్తాను, అప్పటిదాకా గీత గీయొద్దని చెప్పు." ఇంతే. ఇందులో అబద్ధం లేదు. ఎన్ని అంగుళాలు పెరిగిందో చెప్పాల్సిన అవసరమూ లేదు. పిల్లల్ని కన్న ఆవిడకు ఈ మాట వింతగా ఉండదు. అయితే "ఎంత మారి ఉంటాయిలే, ఒక అంగుళం లూజు పెట్టమంటాను" అనే అవకాశం ఉంది. అప్పుడు మీరు గట్టిగా నిలబడాలి.

మూడోది గృహప్రవేశం రోజు జరిగింది కూడా చెప్పడం. అది మీ అమ్మకు తెలియదని ఉత్తరంలో రాశారు. ఇన్నాళ్లూ ఆవిడను బాధపెట్టకూడదని దాచారు. కానీ ఆ సంగతి తెలియకపోవడం వల్లే ఆవిడ మళ్లీ అదే పని చేశారు. చెబితే ఒక పూట బాధపడతారు. ఆ తర్వాత టైలర్ దగ్గర మీ తరఫున గట్టిగా మాట్లాడేది కూడా ఆవిడే. నేనైతే రెండో మాటతో మొదలుపెట్టి, ఆవిడ తేలిగ్గా తీసుకుంటే మూడోది చెబుతాను. మీ అమ్మను మీకంటే నాకు ఎక్కువ తెలియదు కాబట్టి ఎంత చెప్పాలో మీరే చూసుకోండి.

37 గురించి. మీరు తగ్గుతారా లేదా అని నేను ఊహించను. తగ్గాలని కోరుకుంటే మంచిదే, కానీ బాబుకు పాలిస్తూ కడుపు మాడ్చుకోకండి. నేను చెప్పగలిగింది గుడ్డ గురించి. జాకెట్టును లోపలికి తీయడం సులువు, బయటికి వదలడం కష్టం. లూజుగా ఉన్నదాన్ని పెళ్లికి రెండు రోజుల ముందు పక్కల్లో ఒక కుట్టు వేయించుకుంటే పైకి ఏమీ తెలియదు. బిగుతుగా ఉన్నదాన్ని విప్పాలంటే లోపల గుడ్డ ఉండాలి. ఉన్నా, పట్టులో పాత కుట్టు విప్పితే సూది రంధ్రాలు గీతలా కనిపిస్తాయి. "లోపల ఇంచు మార్జిన్ వదులుతాంగా" అని టైలర్ అంటాడు. లెక్క ప్రకారం రెండు పక్కలా, ముందు వెనకా కలిపితే నాలుగు అంగుళాలు. కుట్టు నిలవడానికి కొంత పోగా మూడు వస్తే గొప్ప. అంటే 37కి కుట్టినది ఛాతీ దగ్గర 40 దాకా సాగొచ్చు. కానీ చంక, చెయ్యి, భుజం దానితో పాటు పెరగవు. అప్పుడు ఛాతీ సరిపోతుంది, చెయ్యి పైకెత్తి అక్షింతలు వేయడానికి రాదు.

అసలు కొలతకే కుట్టించి మీరు తగ్గారనుకోండి. రెండు అంగుళాల దాకా హాయిగా సర్దుకోవచ్చు. అంతకంటే బాగా తగ్గితే ఛాతీ దగ్గర గుడ్డను మడిచి కుట్టే డాట్లు పక్కకు జరుగుతాయి, భుజాలు జారతాయి, అది ఊళ్లో టైలర్ ఒక పూట కూర్చుని సరిచేయాల్సిన పని అవుతుంది. వీపు వెనక ముడి వేసుకునే డోరీ పెట్టించుకుంటే భుజం జారకుండా కొంత ఆపుకోవచ్చు. ఈ రెండు ఇబ్బందుల్లో ఏది భరించగలరో ఆలోచించండి. మీ పరిస్థితిలో ఇంకొకటి కూడా ఉంది. మాఘం నాటికి బాబుకు ఏడాది నిండుతుంది. పాలు తగ్గినా, మాన్పించినా ఛాతీ కొలత దానంతటదే మారుతుంది, జిమ్‌కు వెళ్లినా వెళ్లకపోయినా. అందుకని ఇవాళ్టి కొలత ఇచ్చి, పక్కల్లో మార్జిన్ ఎక్కువ వదలమని చెప్పడమే నాకు క్షేమంగా అనిపిస్తోంది.

మూడుసార్లు మూడు అంకెలు వచ్చాయని కంగారుపడ్డారు. అందులో వింతేమీ లేదు. బాబుకు పాలిచ్చే ముందు, ఇచ్చిన తర్వాత మీ ఛాతీ ఒకేలా ఉండదు. పైగా ఒంటరిగా కొలుచుకుంటే టేపు వీపు మీద కిందికి జారుతుంది. అంకె చూడటానికి తల వంచితే భుజాలు ముందుకు వస్తాయి. మా అమ్మ ముప్పై ఏళ్లు ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టింది. కొలతలు తీసేటప్పుడు ఎవరైనా కిందికి చూస్తే టేపు వదిలేసి, "గోడ మీద గడియారం చూడమ్మా" అనేది. మళ్లీ మొదటి నుంచి తీసేది.

మీరు ఇలా చేయండి. పెళ్లి రోజు లోపల ఏది వేసుకుంటారో అదే వేసుకోండి. పాలిచ్చేవాళ్లు వేసుకునే మెత్తటి లోదుస్తుకూ మామూలుదానికీ ఛాతీ ఎత్తులో తేడా వస్తుంది, డాట్ ఎక్కడ పడాలో దాన్నిబట్టే ఉంటుంది. బాబుకు పాలిచ్చాక ఒక గంట ఆగండి. నిలువుటద్దం ముందు పక్కకు తిరిగి నిలబడి, టేపు ముందూ వెనకా ఒకే ఎత్తులో ఉందో లేదో అద్దంలో చూడండి. టేపు కింద రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. ఊపిరి బిగబట్టకండి, మామూలుగా వదిలినప్పుడు అంకె చూడండి. ముందు ఛాతీ నిండుగా ఉన్నచోట, తర్వాత దాని పైన చంకల కిందుగా, ఆ తర్వాత రొమ్ము కింద, చివరికి జాకెట్టు అంచు ఆగే చోట. ఈ నాలుగు చుట్టుకొలతలూ మీరొక్కరే తీసుకోవచ్చు. ఒక్కొక్కటి మూడుసార్లు తీసి, రెండుసార్లు కలిసిన అంకె రాయండి. టేపు పాతదైతే ముందు స్కేలు పక్కన పెట్టి చూడండి. పాత టేపులు సాగిపోయి తక్కువ చూపిస్తాయి.

టేపు చూడగానే గుండె బరువెక్కుతోందని రాశారు కాబట్టి ఒక ఉపాయం చెబుతాను. టేపు పక్కన పెట్టేసి, సాగని నాడా ఒకటి తీసుకోండి. ఛాతీ చుట్టూ తిప్పి, కలిసిన చోట పెన్నుతో గీత పెట్టండి. ఇలా అన్నీ గుర్తుపెట్టుకుని, ఆ నాడాను బల్ల మీద పరిచి తర్వాత తీరిగ్గా కొలవండి. అద్దం ముందు నిలబడి ఆ అంకెను చూడాల్సిన పని ఉండదు.

మీ దండ కొలతకు అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టండి. మోచేతి దాకా చేతులు పెట్టిస్తున్నానన్నారు. దండ లావుగా ఉన్న చోట ఒకటి, చెయ్యి అంచు ఆగే చోట ఒకటి, రెండూ కావాలి. మోచెయ్యి వంచి కొలవండి. వంచితే చుట్టుకొలత పెరుగుతుంది, పెళ్లిలో హారతి పట్టేటప్పుడు, భోజనం చేసేటప్పుడు చెయ్యి వంగే ఉంటుంది కదా. వర్క్ వల్ల గుడ్డ బిర్రుగా అవుతుంది, అది సాగదు. అక్కడ ఒక అర అంగుళం ఎక్కువే ఇవ్వండి.

ఒంటరిగా అస్సలు కుదరనివి కూడా ఉన్నాయి. వెనక నుంచి ఒక భుజం అంచు నుంచి రెండో భుజం అంచు దాకా కొలత, వెనక మెడ లోతు, భుజం మీద నుంచి ఛాతీ మొన దాకా దూరం, చంక చుట్టు. చెయ్యి ఎత్తితే భుజం జరిగిపోతుంది, అంకె తప్పుతుంది. ఇక్కడ మీకు ఇంకొకరి చెయ్యి కావాలి. మీవారిని అడగడం ఇష్టం లేదన్నారు, ఆ ఇష్టాన్ని నేను తప్పుపట్టను. గమనిస్తే, ఈ నాలుగింట్లో ఛాతీ చుట్టు, నడుము చుట్టు లేవు. మీకు సిగ్గనిపించేవి మీరే తీసుకుని, ఇవి మాత్రం ఆయన చేత తీయించుకోవచ్చు. అదీ వద్దనుకుంటే ఎవరైనా స్నేహితురాలి చేత తీయించుకోండి. ఇంకో మాట కూడా రాయాలి. ఆయన ఏమన్నారని గానీ, ఏమంటారని గానీ మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఆడపడుచు మాటే ఆయన నోట కూడా వస్తుందని మీరు ఊహించుకుంటున్నారేమో ఒకసారి చూసుకోండి.

ఇవేవీ వద్దు, నమ్మకం కుదరడం లేదు అనుకుంటే మరో మార్గం ఉంది, ఖర్చు కొంచెం ఎక్కువ. మీ దగ్గర ఇంట్లో కుట్టే మన తెలుగామె ఒకరు ఉన్నారని, డాలర్లలో కుట్టుకూలి ఎక్కువని వెళ్లలేదని రాశారు. మామూలు కాటన్ గుడ్డతో, లైనింగ్ కూడా లేకుండా ఒక్క జాకెట్టు కుట్టించుకోండి. గుడ్డ తడిపి ఆరబెట్టి ఇవ్వండి, లేకపోతే మొదటి ఉతుకులోనే కుదించుకుపోతుంది. వేసుకుని రోజంతా తిరగండి. బాబును ఎత్తుకోండి, వంగి లేవండి. ఎక్కడ పట్టేస్తోందో, ఎక్కడ జారుతోందో అప్పుడు తెలుస్తుంది. సరిచేయించాక అదే మీ కొత్త ఆది. ఇండియా వెళ్లేవాళ్లు దొరికితే వాళ్ల చేత పంపండి. దొరకకపోతే హుక్సులు పెట్టి బల్ల మీద చదునుగా పరచండి. ఒక చంక కింద నుంచి రెండో చంక కింద దాకా కొలిస్తే ఇరవై అంగుళాలు వచ్చిందనుకోండి, ఛాతీ నలభై. టేపు పెట్టి ఫోటోలు తీసి పంపండి. నాకు అన్నింటికంటే నచ్చేది ఈ దారి. పది రోజుల గడువు దీనికి చాలదు, టైలర్‌ను మరో రెండు వారాలు అడగాల్సి వస్తుంది. పెళ్లిళ్ల సీజన్ కాబట్టి అడిగేది ఇవాళే అడగాలి.

ఊరికి వెళ్లాకే కుట్టించుకుంటే పోలేదా అనే ఆలోచన కూడా మీకు వచ్చే ఉంటుంది. అప్పుడు మగ్గం వర్క్ మాట మరిచిపోవాలి. చీర అంచునే చేతులకు వేసి సాదాగా కుట్టించుకోవచ్చు, ధర్మవరం అంచుకు ఆ అందం సరిపోతుంది కూడా. పెళ్లికి పది రోజుల ముందైనా చేరుకుంటేనే ఆ ధైర్యం చేయండి.

టైలర్‌కు కొలతలు పంపేటప్పుడు "ఇవి ఒంటి కొలతలు" అనో, "జాకెట్టు కొలతలు" అనో తప్పకుండా రాయండి. ఒంటి మీద 40 వస్తే, కుట్టిన జాకెట్టుకు ఇంకో అంగుళం, రెండు అంగుళాలు లూజు కలుపుతారు. మీరు ముందే లూజు కలిపి పంపి, ఆయనా కలిపితే సంచిలా తయారవుతుంది. ఇద్దరూ కలపకపోతే ఊపిరాడదు. మీ అమెరికా టేపులో ఒక వైపు సెంటీమీటర్లు ఉంటాయి, అంగుళాల వైపే చూసి రాయండి. ఇంకో రెండు విషయాలు. ఉత్తరంలో వెనక హుక్సుల మోడల్ ఫోటో పెట్టారు, చాలా బాగుంది. కానీ పెళ్లి రోజు బాబుకు పాలివ్వాల్సి వస్తే పట్టుచీరలో వెనక హుక్సులతో ఎలా? వీపు మీద వర్క్ అలాగే ఉంచి హుక్సులు ముందుకు పెట్టించుకోవచ్చు, అడిగి చూడండి. రెండోది, పట్టుచీరతో వచ్చే జాకెట్టు ముక్క చాలావాటికి 80 సెంటీమీటర్లే ఉంటుంది. మోచేతి దాకా చేతులు, ఎక్కువ మార్జిన్ అంటున్నాం కాబట్టి, గుడ్డ సరిపోతుందో లేదో గీత గీసే ముందే అమ్మను కొలిపించమనండి. సరిపోకపోతే చెయ్యి పొడవు రెండు అంగుళాలు తగ్గించుకోవచ్చు, లేదా చంక కింద కనిపించని చోట అదే రంగు గుడ్డతో అతుకు వేస్తారు. తర్వాత తెలిస్తే మార్జిన్‌లోనే కోత పడుతుంది.

ఆడపడుచు అన్న మాట రెండేళ్లుగా మోస్తున్నారు. ఆ రోజు తప్పు మీ ఒంటిది కాదమ్మా. ఎవరూ కొలవకుండా కుట్టిన జాకెట్టు అది. ఆమెతో ఇప్పుడు ఆ విషయం ఎత్తాలా వద్దా అన్నది ఈ పెళ్లితో ముడిపెట్టకండి. ఎప్పుడైనా ఇద్దరే ఉన్నప్పుడు "ఆ రోజు నలుగురిలో అలా అనడం నాకు చాలా కష్టమనిపించింది" అని చెప్పాలనిపిస్తే చెప్పండి. ఆమె సర్దుకోవచ్చు, సరదాగా అన్నాను అనొచ్చు. రెండింటికీ సిద్ధపడే చెప్పండి.

మీకు రాత్రి పిల్లలు పడుకునే వేళకు తెనాలిలో తెల్లారి ఉంటుంది, టైలర్ షాపు తీయకముందే అమ్మకు ఫోన్ చేసేయండి. కొలతలు రాసే కాగితం మీద తేదీ వేయండి, మళ్లీ నెలకు ఒకసారి చూసుకోవడానికి పనికొస్తుంది. ఇక ఆ పెళ్లి జాకెట్టు. దాన్ని టైలర్ దగ్గర నుంచి వెనక్కి తెప్పించి బీరువాలోనే పెట్టమనండి. కుట్లు విప్పి లూజు చేసి ఇస్తానని ఆయన అన్నా ఒప్పుకోవద్దని అమ్మకు చెప్పండి.